లూపస్‌లో ముందు కొలబద్ద మార్చండి, మందుల సంగతి తర్వాత

ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే ఒంటి మీద దాడిచేసే జబ్బు లూపస్, దానికి కొత్త మందుల్లేవు అనే మాట ఇక చెల్లదు. 2011లో బెలిముమాబ్, 2021లో వోక్లోస్పోరిన్, అనిఫ్రోలుమాబ్, 2025లో కిడ్నీ లూపస్‌కి ఒబినుటుజుమాబ్, ఇవన్నీ ఫాలో అవుతున్నవాళ్లకి తెలిసినవే. నా గొడవ వేరు. మందు పనిచేసిందో లేదో తేల్చే కొలబద్దే సరిగ్గా లేదు, దాన్ని బాగుచేయకుండా ట్రయల్ మీద ట్రయల్ పెట్టడం గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

అనిఫ్రోలుమాబ్ సంగతే చూడండి. టులిప్-1 అనే ట్రయల్లో, జబ్బు ఎంత తగ్గిందో కొలిచే ఎస్‌ఆర్‌ఐ-4 అనే స్కోరు ప్రకారం మందు తీసుకున్నవాళ్లలో 36 శాతం మందికి గుణం కనిపిస్తే, ప్లాసిబో, అంటే ఉత్తుత్తి మందు, తీసుకున్నవాళ్లలో 40 శాతం మందికి కనిపించింది! ఫెయిల్ అన్నారు. టులిప్-2లో అదే మందు, అదే డోసు, అదే ఎస్‌ఆర్‌ఐ-4తో లెక్కేస్తే మందుతో సుమారు 55 శాతం, ప్లాసిబోతో 37, మందుదే గెలుపు. ఈ రెండో ట్రయల్‌కి రిజల్ట్స్ తెరవకముందే మెయిన్ స్కోరుని బిక్లా అనే ఇంకో స్కోరుకి మార్చారు, అందులోనూ గెలిచింది, అప్రూవల్ వచ్చింది. ఒక్కసారి ఆలోచించండి, ఒకే స్కేలు ఒకే మందుని ఓసారి పనికిరాదని, ఇంకోసారి భేష్ అని చెప్తే తప్పు మందుదా స్కేలుదా? బారిసిటినిబ్ అనే ఇంకో మందుకీ అంతే, దాదాపు ఒకేలాంటి రెండు పెద్ద ట్రయల్స్‌లో ఒకటి గెలిచింది, ఒకటి ఓడింది, 2022లో కంపెనీ లూపస్ ప్రోగ్రామే ఆపేసింది. అది నిజంగా పనికిరాని మందేనా? ఈ స్కేళ్లతో ఎవరూ గట్టిగా చెప్పలేరు.

కిడ్నీ దగ్గర సీన్ మారుతుంది, ఎందుకంటే అక్కడ యూరిన్‌లో ప్రోటీన్ ఎంత పోతోందో నంబర్ ఉంది. రీజెన్సీ అనే ట్రయల్లో మామూలు ట్రీట్‌మెంట్‌కి ఒబినుటుజుమాబ్ కలిపితే 46 శాతం మందికి కిడ్నీ పూర్తిగా దారిలో పడింది, ప్లాసిబో కలిపిన గ్రూపులో 33. కొలత గట్టిదైతే తీర్పూ గట్టిదే. అయినా ఆ ప్రోటీన్ ఇప్పటి వాపు వల్ల పోతోందా పాత మచ్చ వల్ల పోతోందా అన్నది ఆ నంబర్ చెప్పదు, కిడ్నీ ముక్క తీసి చూసే బయాప్సీకే వెళ్లాలి. యూరిన్‌లో సీడీ163 అనే ప్రోటీన్ లాంటి మార్కర్లు ఆ తేడా పట్టిస్తాయని ఆశ కనిపిస్తోంది, కానీ మందుకున్న స్పాన్సర్ టెస్టుకి ఎక్కడ దొరుకుతాడు? లూపస్ జోరు తెలుసుకోడానికి రక్తంలో చూసే యాంటీ డీఎస్-డీఎన్‌ఏ, సీ3, సీ4 టెస్టులు అంతకన్నా నిలకడ లేనివి, కొందరికి ఏళ్ల తరబడి అవి తేడాగానే ఉంటాయి, మనిషి మాత్రం బాగానే తిరుగుతుంటుంది.

పేషెంట్ సొంత రోగనిరోధక కణాల్ని మార్చి తిరిగి ఎక్కించే కార్-టీ వచ్చేసింది కదా, ఇంకా ఈ కొలతల గోలెందుకు అంటారు కొందరు. జర్మనీలోని ఎర్లాంగెన్‌లో గెయోర్గ్ షెట్ టీమ్ 2024లో చూపించిన 8 మంది లూపస్ పేషెంట్లూ రెమిషన్‌లోకి, అంటే జబ్బు అణిగిపోయిన స్థితికి, వెళ్లారు, స్టెరాయిడ్లు కూడా ఆపేశారు, నిజంగా అబ్బురమే. కానీ అంత బరువైన ట్రీట్‌మెంట్ ఎవరికివ్వాలి, ఎవరికి అక్కర్లేదు, జబ్బు మళ్లీ మొదలవుతోందని ముందే ఎలా పసిగట్టాలి? మళ్లీ బయోమార్కర్, అంటే జబ్బు జాడ చెప్పే టెస్టు, దగ్గరికే రావాలి.

అసలు నాకు మండేది ఇంకోటుంది. ఎస్‌ఆర్‌ఐ-4 ఆధారపడే స్లెడాయ్ అనే జబ్బు తీవ్రత స్కోర్‌లో ఫిట్స్‌కి 8 మార్కులు, కీళ్ల వాపుకి 4, ర్యాష్‌కి 2. పేషెంట్లు అందరికన్నా ఎక్కువగా చెప్పుకునే నీరసానికి? సున్నా. లూపస్ ఉన్న ప్రతి 10 మందిలో సుమారు 9 మంది ఆడవాళ్లే, పొద్దున మంచం దిగలేకపోతున్నానంటే "రిపోర్టులన్నీ నార్మల్‌గానే ఉన్నాయమ్మా, టెన్షన్ తగ్గించుకో" అని పంపేస్తారు, ట్రయల్ స్కోరూ అదే మాట అంకెల్లో చెప్తుంది. ఆడవాళ్ల నొప్పిని నసగా లెక్కేసే అలవాటు మెడిసిన్‌లో పాతదే, అదిక్కడ స్కోర్ షీట్‌లోకి కూడా ఎక్కి కూర్చుంది. వచ్చే ట్రయల్స్‌లో నీరసాన్ని ఎక్కడో చివరి టేబుల్లో కాకుండా మెయిన్ రిజల్ట్‌లోనే లెక్కపెట్టాలి, ఒప్పుకోని కంపెనీకి పేషెంట్ సంఘాలు వాలంటీర్లని పంపనే కూడదు.