ఐదు నిమిషాల పనా?

గంట కూడా కాలేదు. ములుగు రోడ్డు మీద మా వడ్రంగి షెడ్డుకు ఒకాయన వచ్చాడు. తన దేవుడి మందిరం పైన పెట్టే టేకు పట్టెలు మూడింటినీ తడిమి చూసి, "మూడు పట్టెలకు 1,800లా? మిషన్ల పెట్టి గుంజుడే కదా తమ్మీ, ఐదు నిమిషాల పని" అన్నాడు. మా బాపు ముందే. నలభై ఏళ్లుగా రంద పట్టిన మనిషి ముందే. ఒళ్లు మండిపోయింది. బాపు కన్నుసైగ చేస్తే ఊరుకున్నా. ఇక్కడ మాత్రం ఊరుకోను.

ఆయన అడిగింది లోపలికి గుంటగా వంగిన గాడి. 3 ఇంచుల వెడల్పు, ముప్పావు ఇంచు లోతు. మా మిషన్ అంటే బల్ల మధ్యలోంచి పైకి లేచే గుండ్రటి రంపం బ్లేడు. చెక్కను దానికి నేరుగా తోస్తే సన్నటి కోత పడుతుంది, గుంట పడదు. ఏటవాలుగా తోయాలి. ఎంత ఏటవాలో ఎట్లా తెలుస్తుంది? రెండు బద్దలను 3 ఇంచుల ఎడంతో బిగించి చట్రం చేస్తాం. 10 ఇంచుల బ్లేడును ముప్పావు ఇంచు పైకి లేపి, చట్రాన్ని దాని చుట్టూ పెట్టి మెల్లగా తిప్పుతాం. ముందరి పన్ను ఒక బద్దకు, వెనక పన్ను రెండో బద్దకు రాసుకున్న చోట ఆపి గీత గీస్తాం. సుమారు 35 డిగ్రీలు వస్తుంది. ఆ గీత మీద అడ్డపట్టె బిగించాలి, అదీ బ్లేడు ఊపుకు చెక్క ఆ అడ్డపట్టెకే ఒత్తుకునే వైపున. అప్పుడు బ్లేడు పూర్తిగా దించి, విడతకు ఒకటిన్నర మిల్లీ లేపుతూ తోయాలి. ఒక్క పట్టెకు పదమూడు సార్లు. మూడింటికి 39. చివరి విడత అయితే ఊపిరి బిగబట్టి తోస్తాం.

అయినా పళ్ల గీతలు పడతాయి. వాటిని గాజు పెంకుతో గీకి, పైపుకు చుట్టిన ఎమ్రీ పేపర్‌తో రుద్దాలి. టేకులో సిలికా ఉంటుంది, బ్లేడు పదును తినేస్తుంది. దాన్ని సాన పట్టించేది మా డబ్బులతోనే.

ఈ కోతకు బ్లేడు మీద గార్డు, అంటే చేయి తగలకుండా కాపాడే మూత, ఉంచడం కుదరదు. ఆ సంగతి చెప్పి మా కాకయ్య తన కుడిచేయి చూపించాడు. చూపుడువేలు సగమే ఉంటుంది, ఇట్లాంటి కోతలోనే పోయింది. ఆ వచ్చినాయన ఒక్క క్షణం చూసి, "చూసుకోవద్దా మరి" అన్నాడు. అంతే! కాకయ్య చేయి జేబులో పెట్టుకున్నాడు. ఆ చేయి అట్లా దాచుకోవడం చూసినప్పటి నుంచి నాకు అన్నం తినబుద్ధి కాలేదు.

2021లో రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చిన రోజు ఇదే మనిషి స్టేటస్ పెట్టాడు, మన శిల్పుల గొప్పదనం అని. చెక్కిన శిల్పి పేరుతో పిలుచుకునే గుడి అది. ఎనిమిది వందల ఏళ్ల కింద రాయి చెక్కిన చేతికి దండం పెట్టి, ఎదురుగా ఉన్న చేతితో బేరం ఆడతారా?

అసలు ఇప్పుడు కోపం ఎందుకు ఇంత వస్తోందో చెప్తా. పోయినేడు ఆయన ఇంటికి దర్వాజ ఎక్కించింది మా బాపే. మామిడాకులు కట్టి, పసుపు కుంకుమ పెట్టి, పొద్దున ముహూర్తానికి నిలబెట్టాడు. దర్వాజ ఎక్కించినోళ్లకు బట్టలు పెట్టడం మన దగ్గర ఆనవాయితీ. "మళ్ల పెడ్తం" అన్నాడు. బాపు ఇంటికొస్తే అమ్మ సంచిలోకి చూసింది. ఏమీ అనలేదు. ఆ "మళ్ల" ఇప్పటికీ రాలేదు. బాపు ఒక్కసారి కూడా అడగలేదు. అడగడు. అందుకే నేను ఇక్కడ రాస్తున్నా.

ఇంకో మాట. నేను ఇది టైప్ చేస్తుంటే బాపు మూడో పట్టె ముందు కూర్చొని గాజు పెంకుతో గీకుతూనే ఉన్నాడు. ఆయన అన్న మాటకు పనిలో తేడా రాకూడదట. ఆ మనిషి గురువారం మందిరం తీసుకెళ్తా అన్నాడు. 1,800 మొత్తం చేతిలో పడ్డాకే అది షెడ్డు దాటుతుంది.