ఎదుటివాడికి కాదనే వీలు ఉందా?

వ్యాపారం పెద్దదయ్యే కొద్దీ అవినీతి పెరుగుతుందని కొందరు, అసలు తూనికల మోసాలూ పన్ను ఎగవేతలూ చిన్న వ్యాపారుల దగ్గరే ఎక్కువని మరికొందరు వాదించుకోవడం ఏళ్లుగా వింటున్నాను. ఒడిశాలోని రాయగడ, గుణుపూర్ ప్రాంతంలో చిన్న వర్క్‌షాపులకూ దుకాణాలకూ లెక్కలు రాసే వృత్తిలో ఉన్న నాకు ఈ రెండు వాదనలూ సగం సగంగానే కనిపిస్తాయి. వ్యాపారి ఎంత పెద్దవాడన్నది తర్వాత చూడవచ్చు. అతనితో బేరం చేస్తున్న మనిషికి "నాకొద్దు" అని లేచి వెళ్లిపోయే వీలు ఉందా లేదా అన్నది ముందు చూడాలి. ఆ వీలు లేని చోట చిన్నవాడూ అన్యాయం చేస్తాడు, పెద్దవాడూ చేస్తాడు. పెద్దవాడి విషయంలో అదనంగా జరిగేది ఏమిటంటే, అలా చిక్కుకుపోయినవారు వేలల్లో ఉంటారు, చేసిన పనికి చట్టం అండ సంపాదించుకునే స్తోమత కూడా అతనికి ఉంటుంది.

మా వైపు ధాన్యం మండీలో ఒక సాయంత్రం గడిపినవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. 2024-25 సీజనులో సాధారణ రకం వడ్లకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర 2,300 రూపాయలకు ఒడిశా ప్రభుత్వం మరో 800 కలిపి క్వింటాలుకు 3,100 రూపాయలు ఇచ్చింది. తేమ 17 శాతం దాటకూడదన్నది నిబంధన. కాగితం మీద వడ్లు కొనేది సహకార సంఘం. కానీ కాటా పక్కన నిలబడి, గుప్పెడు గింజలు అరచేతిలో నలిపి ఊది, రెండు గింజలు పంటి కింద కొరికి, "చెమ్మ ఉంది, తాలు ఉంది, ఐదు కిలోలు తియ్యాలి" అని తేల్చేది ఆ వడ్లు ఆడించి ప్రభుత్వానికి బియ్యం అప్పజెప్పే మిల్లు తరఫు మనిషి. ఒడియాలో కటని ఛటని అనీ, మనవాళ్లు తరుగు అనీ పిలిచే ఈ కోత క్వింటాలుకు ఐదు కిలోలయితే రైతుకు 155 రూపాయల నష్టం. అరవై క్వింటాళ్లు తెచ్చినవాడికి 9,300 రూపాయలు. తేమ కొలిచే మీటరు సంఘం బల్ల మీదే ఉంటుంది, కానీ దాని అంకె చూపించమని గట్టిగా అడిగేవాడు కనిపించడు. ఎందుకంటే ట్రాక్టరు కిరాయి గంట గంటకూ పెరుగుతోంది, వడ్లు అమ్ముకోవడానికి ఇచ్చిన టోకెను తేదీ దాటిపోతే మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు, రాత్రి మంచులో కుప్ప వదిలేస్తే తెల్లారేసరికి నిజంగానే చెమ్మెక్కుతుంది. కౌలు రైతయితే టోకెను కూడా చాలాసార్లు భూమి యజమాని పేరు మీదే ఉంటుంది. అందుకే అతను తల ఊపుతాడు.

ఆ మిల్లరు పెద్ద పారిశ్రామికవేత్త కాడు. దేశంలోని పెద్ద కంపెనీల పక్కన అతని టర్నోవరు లెక్కలోకి కూడా రాదు. అయినా ఆ సాయంత్రం ఆ రైతు మీద అతనికి ఉన్న పట్టు ఏ బహుళజాతి సంస్థకూ తీసిపోదు. అదే మిల్లరు క్వింటాలు వడ్లకు 67, 68 కిలోల చొప్పున బియ్యం లెక్క అప్పజెప్పడానికి ప్రభుత్వ గోదాముకు వెళ్లినప్పుడు, నూక ఎక్కువుందని లారీని తిప్పి పంపేస్తారేమోనని చేతులు కట్టుకుని నిలబడతాడు. అక్కడ పోతుందనుకున్నది ఇక్కడ రైతు బస్తాలోంచి ముందే తీసి పెట్టుకుంటాడు. మనిషి ఒక్కడే, మారింది అతని ఎదురుగా నిలబడినవాడు.

ఇక పెద్ద వ్యాపారం సంగతి. నేను లెక్కలు చూసే ఒక వెల్డింగ్ షాపు యజమాని ఒక పెద్ద కర్మాగారానికి ఇనుప ఫ్రేములు చేసి ఇస్తాడు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమల చట్టం ప్రకారం అలాంటివారికి గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు చెల్లించాలి. ఆలస్యమయితే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ ఇవ్వాలి. అతని బిల్లు మాత్రం నెలల తరబడి కదలలేదు. చేతికి రూపాయి రాకపోయినా ఆ బిల్లు మీద జీఎస్టీ మాత్రం అతను తన జేబులోంచి కట్టాడు. జీఎస్టీ చట్టం ప్రకారం 180 రోజుల్లోగా డబ్బు చెల్లించకపోతే కొన్నవాడు తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్, అంటే ఆ బిల్లులోని పన్ను మేరకు తన పన్నులో తగ్గించుకున్న మొత్తం, వెనక్కి కట్టాలి. సరిగ్గా ఆ గడువు దగ్గర పడేసరికి బిల్లు పాసయింది. తమకు నష్టం తెచ్చే గడువును వాళ్లు పాటించారు, ఇతనికి మేలు చేసే గడువును పక్కన పెట్టారు. ఆలస్యపు చెల్లింపుల మీద ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు పెడదామన్నాను. "వడ్డీ వస్తాది బాబూ, సరే. రేపు వర్క్ ఆర్డర్ ఎవులిస్తారు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఇందులో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మరొకటి. మండీలో అన్యాయం చేసినవాడి మొహం రైతుకు తెలుసు, వాడితో తగువు పడవచ్చు, నలుగురిలో నిలదీయవచ్చు. కర్మాగారంలో స్టోర్సువాళ్లు నాణ్యత విభాగం మీద, నాణ్యత విభాగం లెక్కల విభాగం మీద, లెక్కల విభాగం హెడ్డాఫీసు మీద చెబుతుంది. ఏ ఒక్కరూ తాను తప్పు చేశాననుకోరు, రాత్రికి అందరూ నిశ్చింతగా నిద్రపోతారు. పరిమాణం అవినీతికి చేసే అతి పెద్ద సాయం ఇదేనని నా నమ్మకం.

చట్టం కూడా ఈ చిన్నా పెద్దా తేడాను తుడిచెయ్యలేదు. 2018లో సవరించిన అవినీతి నిరోధక చట్టం ప్రకారం లంచం ఇచ్చిన వ్యక్తికి ఏడేళ్ల వరకు జైలు పడవచ్చు. బలవంతం మీద ఇచ్చినవాడు ఏడు రోజుల్లో ఫిర్యాదు చేస్తే బయటపడతాడు. అదే నేరం వాణిజ్య సంస్థ చేస్తే ఆ సంస్థకు పడేది జరిమానా. బాధ్యుడైన అధికారికి జైలు పడాలంటే అతని సమ్మతి గానీ కుమ్మక్కు గానీ రుజువు కావాలి. లైసెన్సు కాగితం కోసం చేతులు తడిపిన చిన్న దుకాణదారుకు ఏడు రోజుల్లో పోలీసు గడప ఎక్కే ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది?

నియమాన్నే మార్పించుకునే శక్తి మాత్రం పెద్దవాళ్లకే ఉంటుంది. కంపెనీలు పార్టీలకు ఇచ్చే విరాళం మూడేళ్ల సగటు నికర లాభంలో ఏడున్నర శాతం మించకూడదన్న పరిమితిని 2017లో ఎత్తివేశారు. అదే ఏడు ప్రకటించి 2018లో అమల్లోకి తెచ్చిన ఎన్నికల బాండ్ల పథకంతో ఎవరు ఎవరికి ఇచ్చారో జనానికి తెలియకుండా పోయింది. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఆ రెంటినీ కొట్టివేసింది. మధ్యలో గడిచిన ఏళ్లలో జరిగినదంతా చట్టబద్ధంగానే జరిగింది.

కాదనగలిగినవాడు ఎదురుగా ఉంటే ఎంత పెద్ద సంస్థ అయినా ఆగుతుందనడానికి మన తెలుగువాళ్లకు సత్యం కంప్యూటర్స్ గుర్తుండాలి. 2008 డిసెంబరులో ఆ కంపెనీ, తన అధిపతి రామలింగరాజు కుటుంబానికే చెందిన మేటాస్ సంస్థలను కొంటామని ప్రకటించగానే విదేశీ మదుపరులు షేర్లు తెగనమ్మేశారు. కొద్ది గంటల్లో ఆ నిర్ణయం వెనక్కి పోయింది. మూడు వారాలకు, 2009 జనవరి 7న, రామలింగరాజు లేఖతో ఏళ్ల తరబడి సాగిన తప్పుడు లెక్కలు బయటపడ్డాయి. అమ్ముకుని పోగలిగినవారు ఒక్క రోజులో చేసిన పనిని, ఆ సంస్థ మీదే ఆధారపడిన ఆడిటర్లూ ఉద్యోగులూ ఏళ్ల పాటు చేయలేకపోయారు.

అంత దూరం పోనక్కరలేదు, మా జిల్లాలోనే నియమగిరి కొండలు ఉన్నాయి, అక్కడ వేదాంత కంపెనీ కోసం బాక్సైట్ తవ్వాలనుకున్నారు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఆ తవ్వకం మీద గ్రామసభలే తేల్చాలన్నది. రాయగడ జిల్లాలో ఏడు, కలహండిలో ఐదు, మొత్తం పన్నెండు గ్రామాల్లో సభలు జరిగాయి, పన్నెండూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్రం అనుమతి నిరాకరించింది. ఆ కొండల మీది ఆదివాసులైన డొంగ్రియా కొంధులకు డబ్బు లేదు, పలుకుబడి లేదు. కాదనే హక్కు మాత్రం కాగితం మీద చేతికి వచ్చింది, వేదాంత అంతటి సంస్థ వెనక్కి తగ్గింది.

అందుకే, కంపెనీలను చిన్నవి చేస్తే నీతి పెరుగుతుందన్న మాట నేను ఒప్పుకోను. మా మండీలో మిల్లు మనిషి కోత కోసినప్పుడల్లా మీటరు అంకె, కోత కారణం, కిలోలు చీటీ మీద రాసి రైతుకు ఇవ్వాలి; ఒక మిల్లు ఒప్పుకోకపోతే అదే టోకెనుతో మరో మిల్లుకు తోలుకునే వీలుండాలి; కౌలు రైతుకు తన పేరు మీదే టోకెను రావాలి. బిల్లు ఆలస్యమైతే సరఫరాదారు ఫిర్యాదు చేసే దాకా చూడకుండా, జీఎస్టీ లెక్కల్లోని బిల్లు తేదీని బట్టి అధికారులే నోటీసు పంపాలి. సంఘాల్లో సభ్యులుగా ఉన్న మన రైతులు, ఈ సీజను కొనుగోళ్లు మొదలయ్యేలోగా సబ్ కలెక్టరు దగ్గర జరిగే సమావేశంలో ముందుగా ఆ చీటీ గురించి అడగాలని నా విన్నపం. అర్జీ నేను రాసి ఇస్తాను, ఒడియాలోనూ తెలుగులోనూ.