‘బీడీఎస్‌కే కదా, ఫిజిక్స్ వదిలేయండి’: ఈ సలహా ఎక్కడెక్కడ తప్పు?

మెడికల్, డెంటల్ సీట్ల ప్రవేశ పరీక్ష నీట్ దగ్గర పడేకొద్దీ తిరుపతి, చిత్తూరు బైపీసీ పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతూ ఉంటుంది. క్లుప్తంగా అందులో ఉన్నది ఇదీ: ‘ఎంబీబీఎస్ వద్దు, బీడీఎస్ (దంతవైద్యం) చాలనుకునేవాళ్లు ఫిజిక్స్ జోలికి పోవద్దు. 45 ప్రశ్నలకూ ఒకే ఆప్షన్ దిద్దేయండి, నాలుగో వంతు ఎలాగూ తగులుతాయి. బయాలజీ బట్టీ పట్టి 340 తెచ్చుకోండి. తెలుగు మీడియమైనా ఇంగ్లిష్ పేపరే పెట్టుకోండి. రాత్రి రెండింటిదాకా చదవండి. 400 దాటితే సీటు ఖాయం. రాకపోయినా మేనేజ్‌మెంట్ సీటుకు నీట్ అక్కర్లేదు.’

అక్కడక్కడా కాస్త నిజం కలిసి ఉంది కాబట్టే జనం నమ్ముతున్నారు. ఒక్కొక్కటే చూద్దాం.

ముందుగా, బీడీఎస్‌కంటూ వేరే పేపర్ లేదు, వేరే ర్యాంకూ లేదు. అవే 180 ప్రశ్నలు, అవే 720 మార్కులు, అదే మెరిట్ లిస్టు. 2021 నుంచి 2024 దాకా 200 ప్రశ్నల్లో 180 ఎంచుకునే వీలుండేది. 2025 నుంచి అదీ పోయింది. ఇప్పుడు 180 ప్రశ్నలు, 180 నిమిషాలు. మారింది నిజానికి సిలబస్. 2024 నుంచి జీర్ణక్రియ-శోషణ, మొక్కల్లో రవాణా, ఖనిజ పోషణ, ఘనస్థితి, ఉపరితల రసాయన శాస్త్రం, పాలిమర్లు వంటి అధ్యాయాలు తీసేశారు. దంత సూత్రం (ఏ రకం పళ్లు ఎన్నో చెప్పేది) ఉండేది జీర్ణక్రియ పాఠంలోనే. పళ్ల డాక్టరు కాబోయేవాళ్లకు పళ్ల పాఠమే లేకుండా పోయిందన్నమాట! సీనియర్ల దగ్గర తెచ్చుకున్న పాత మెటీరియల్‌తో చదివేవాళ్లు ముందు ఆ ఏటి సిలబస్ ప్రింట్ తీసుకుని, లేని అధ్యాయాలను పెన్సిల్‌తో కొట్టేయాలి. వారాల తరబడి సమయం ఇక్కడే మిగులుతుంది, ఫిజిక్స్ వదిలేస్తే కాదు.

ఇక అసలు సంగతి, ఒకే ఆప్షన్ దిద్దడం. సరైనదానికి 4 మార్కులు, తప్పుకు 1 కోత. 45లో 11 తగిలాయనుకోండి. 44 లోంచి 34 పోతే మిగిలేది 10 మార్కులు. అదృష్టం బాగుండి 15 తగిలితే 30. బాగోలేక 8 తగిలితే మైనస్ 5. అదే చేతనైన 18 ప్రశ్నలే చేసి 15 సరిగ్గా పెట్టినవాడికి 57 వస్తాయి. పైగా మార్కులు సమానమైనప్పుడు బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్ మార్కుల తర్వాత చూసేది తప్పులు, ఒప్పుల నిష్పత్తినే. గుడ్డిగా దిద్దినవాళ్లు అక్కడా వెనకబడతారు. అయితే ఊహించడమే తప్పని కాదు. నాలుగింట్లో రెండు ఆప్షన్లు కచ్చితంగా కావని తేలితే, మిగిలిన రెంట్లో ఒకటి దిద్దినప్పుడు సగటున ఒకటిన్నర మార్కు లాభమే. అలాంటిచోట వదిలేయకండి.

ఫిజిక్స్ మొత్తం చదవలేనివాళ్లు వదలాల్సింది సబ్జెక్టును కాదు, చదివే వరసను. చలనం దగ్గర మొదలుపెట్టి భ్రమణం దగ్గర చతికిలబడేవాళ్లే ఎక్కువ. వెనక నుంచి మొదలుపెట్టండి: ద్వంద్వ స్వభావం, పరమాణువులు, కేంద్రకాలు, సెమీకండక్టర్లు. తర్వాత ప్రవాహ విద్యుత్తు, కిరణ దృశాశాస్త్రం, ఉష్ణగతిక శాస్త్రం, ప్రమాణాలు-మితులు. వీటిలో ఒక్క సూత్రంతో తేలిపోయే లెక్కలు ఎక్కువ.

ఒక లెక్క తీసుకుందాం. 4000 ఆంగ్‌స్ట్రామ్‌ల కాంతి 2.1 ఎలక్ట్రాన్ వోల్టుల పని ప్రమేయం (ఎలక్ట్రాన్ బయటికి రావడానికి కావాల్సిన కనీస శక్తి) ఉన్న లోహంపై పడింది, స్టాపింగ్ పొటెన్షియల్ (వెలువడిన ఎలక్ట్రాన్లను ఆపే వోల్టేజి) ఎంత? ప్లాంక్ స్థిరాంకం, కాంతి వేగం వేసి పదుల ఘాతాలతో గుణించడానికి దిగితే మూడు నిమిషాలు పోతాయి. తరంగదైర్ఘ్యం నానోమీటర్లలో ఉంటే ఫోటాన్ శక్తి 1240ని దానితో భాగిస్తే ఎలక్ట్రాన్ వోల్టుల్లో వచ్చేస్తుంది. 4000 ఆంగ్‌స్ట్రామ్‌లంటే 400 నానోమీటర్లు. 1240 బై 400, 3.1. అందులో 2.1 తీస్తే 1. జవాబు 1 వోల్టు. సూత్రం తెలిసినవాడు కూడా తప్పేది ఎక్కడంటే, ఆంగ్‌స్ట్రామ్‌లను మార్చకుండా 4000తోనే భాగిస్తాడు. 0.31 వస్తుంది. అది 2.1 కన్నా తక్కువ కాబట్టి ‘ఎలక్ట్రాన్లు వెలువడవు’ అనే ఆప్షన్ ఎదురుగా కనిపిస్తుంది, ధైర్యంగా దిద్దేస్తాడు. ఫిజిక్స్ రాదనుకునే పిల్లల్లో చాలామందికి రానిది ప్రమాణాల మార్పిడి, కాలిక్యులేటర్ లేకుండా చేసే భాగహారం. మందు ఒక్కటే. రోజూ ఒకే అధ్యాయం నుంచి 20 లెక్కలు, గడియారం పెట్టుకుని 25 నిమిషాలు. తప్పినవి మూడో రోజు ఒకసారి, పదో రోజు ఇంకోసారి, పాత జవాబు చూడకుండా చేయాలి.

బయాలజీలో 340 అంటే 90 ప్రశ్నల్లో 86 ఒప్పులు, 4 తప్పులు. బట్టీతో అంత దూరం పోలేరు. ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకంలోని వాక్యాన్ని ఉన్నదున్నట్టు అడగడం తక్కువ. స్టేట్‌మెంట్లు, జతపరచడాలు ఎక్కువ. కణ విభజన పాఠం నుంచి ‘కయాస్మాటా పాకిటీన్ దశలో కనిపిస్తాయి’ అని ఇస్తే, పాఠం పదిసార్లు చదివినవాడూ ఔననేస్తాడు, రెండు మాటలూ ఒకే పేజీలో చూశాడు కదా. క్రాసింగ్ ఓవర్ జరిగేది పాకిటీన్‌లో, కయాస్మాటా కనిపించేది డిప్లోటీన్‌లో. చదివాక పుస్తకం మూసి, దశ ఒక పక్క, జరిగేది ఇంకో పక్క పట్టికగా రాయండి. ఆ తర్వాత ఒక్క మాట మార్చి తప్పుడు వాక్యాలు ఐదు మీరే తయారుచేసి స్నేహితుడికివ్వండి. ఇంటర్ బోర్డు దీర్ఘ సమాధానాలకు అలవాటుపడ్డ బుర్ర ఆప్షన్ల వైపు మళ్లేది ఇలాగే.

తెలుగు పేపర్ మాటకొస్తే, మన రాష్ట్ర సెంటర్లలో తెలుగు ఎంచుకున్నవాళ్లకు వచ్చే బుక్‌లెట్‌లో ఇంగ్లిష్ కూడా ఉంటుంది. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లిష్‌లో ఉన్నదే చెల్లుతుంది. కాబట్టి తెలుగులో చదివినవాళ్లు తెలుగు పెట్టుకుంటే పోయేదేమీ లేదు. చిక్కు పదాల దగ్గర వస్తుంది. ఇంట్లో పవర్‌నీ ఎనర్జీనీ కూడా శక్తి అనే అంటాం. పుస్తకంలో ఎనర్జీ శక్తి, పవర్ సామర్థ్యం. ‘కటక సామర్థ్యం’ అంటే లెన్స్ పవర్ అని స్ఫురించకపోతే తేలిక ప్రశ్న పోతుంది. మోమెంటమ్ ద్రవ్యవేగం, మోమెంట్ ఆఫ్ ఇనర్షియా జడత్వ భ్రామకం, ఎఫిషియెన్సీ దక్షత. ఒక నోట్‌బుక్‌లో రెండు వరసలుగా ఇవి రాసుకుని, అనుమానం వచ్చిన ప్రతిచోటా ఇంగ్లిష్ వాక్యం కూడా చూడటం మాక్ టెస్టుల్లోనే అలవాటు చేసుకోవాలి. ఇంగ్లిష్ మీడియంలో చదివినవాళ్లకు ఈ గొడవే అక్కర్లేదు.

రాత్రి రెండింటిదాకా చదివే పని ఇంకా వింత. పరీక్ష మధ్యాహ్నం రెండు నుంచి ఐదు వరకు. తిరుపతి మే ఎండలో, భోజనం చేశాక కునుకు పట్టే వేళ అది. ఆఖరి నెలంతా మాక్ టెస్టులు ఆ మూడు గంటల్లోనే రాయండి. బయాలజీకి 45 నిమిషాలు, కెమిస్ట్రీకి 50, ఫిజిక్స్‌కు 65, అనుమానం వచ్చినవాటికి 20. ఓఎంఆర్ (జవాబులు దిద్దే షీటు) చివర్లో మొత్తం దిద్దుదామనుకోవద్దు. ఒక్క వరస జారిందంటే కింది జవాబులన్నీ జారిపోతాయి. పేజీ అయ్యాక పేజీ దిద్దాలి. మదనపల్లె, పలమనేరు వైపు నుంచి తిరుపతి సెంటర్ పడినవాళ్లు ముందురోజే చేరుకోవడం మేలు. ఒకటిన్నరకు గేటు వేసేస్తారు.

‘400 దాటితే ఖాయం’ అన్నది ఊరికే చెప్పే మాట. జనరల్ కేటగిరీలో అర్హత మార్కే 2023లో 137, 2024లో 162, 2025లో 144. పేపర్‌ను బట్టి అదే మార్కుకు ర్యాంకు మారిపోతుంది. చూడాల్సింది ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ కౌన్సెలింగ్‌లో కిందటేడు మీ కేటగిరీలో చివరి సీటు ఏ ర్యాంకుకు వెళ్లిందన్నది. విజయవాడ, కడప ప్రభుత్వ డెంటల్ కాలేజీల లెక్క వేరు, ప్రైవేటువి వేరు.

మేనేజ్‌మెంట్ సీటుకు నీట్ అక్కర్లేదనేది పచ్చి అబద్ధం. కన్వీనర్, మేనేజ్‌మెంట్, ఎన్నారై, ఏ కోటాకైనా క్వాలిఫై కావాల్సిందే. 2020-21లో సుప్రీంకోర్టు తీర్పుతో బీడీఎస్‌కు పది పర్సంటైల్ తగ్గించింది నిజం. కానీ తగ్గింది కటాఫ్, పరీక్ష రాయనక్కర్లేదని ఎవరూ అనలేదు. నీట్ లేకుండా సీటిప్పిస్తామని అడ్వాన్స్ అడిగేవాళ్లకు రూపాయి ఇవ్వకండి. దీనికితోడు ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి జనరల్‌కు 50 శాతం, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 40 శాతం రావాలి, ఒక్కో సబ్జెక్టూ విడిగా పాసవ్వాలి. మెసేజ్ నమ్మి ఫిజిక్స్ పుస్తకం అటకెక్కించినవాళ్లకు మొదటి దెబ్బ మార్చి పరీక్షల్లోనే తగులుతుంది.