ఆ ఒక్క శాతం ఎవరండీ?

విశాఖలో ఈమధ్య ఎవరు బిజినెస్ ప్లాన్ చూడమని పంపినా మొదటి పేజీలో ఒకటే పాట. దేశంలో మా మార్కెట్ ఇన్ని వేల కోట్లు, అందులో ఒక్క శాతం మాకొచ్చినా చాలు. సరే, ఆ ఒక్క శాతం ఎవరు? ఎంవీపీ కాలనీలో ఏ వీధి వాళ్లు? గాజువాకలో నైట్ షిఫ్ట్ దిగొచ్చే వాళ్లా? ఈ ప్రశ్న అడిగితే మాత్రం మొహాలు మాడిపోతాయి.

ఇంకొందరుంటారు. బ్యాంకు లోన్‌కి ఆడిటర్ గారు చేసిచ్చిన ప్రాజెక్టు రిపోర్టుకే అట్ట మార్చి ఇన్వెస్టర్‌కి పంపేస్తారు. బ్యాంకు చూసేది వాయిదాలు కడతారా, తాకట్టు ఏముంది అని. ఇన్వెస్టర్ వాటా కొంటాడు, మునిగితే అతని డబ్బూ మునుగుతుంది. అందుకే ఎన్ని రెట్లు పెరుగుతుంది, వాటా అమ్ముకుని ఎప్పుడు ఎలా బయటపడగలను అని చూస్తాడు. 2024 బడ్జెట్‌లో ఏంజెల్ టాక్స్ (స్టార్టప్‌లు సరైన విలువకి మించి వాటాలమ్మి తెచ్చుకున్న పెట్టుబడి మీద పన్ను) ఎత్తేస్తున్నామని చెప్పగానే ఇక డబ్బులు వచ్చి పడతాయని సంబరపడ్డారు మనవాళ్లు. పన్ను పోయింది నిజమే, అడిగే ప్రశ్నలు పోలేదుగా!

అసలు చాలామందికి ఇన్వెస్టరే అక్కర్లేదు. మసాలా పొడుల యూనిట్ పెట్టేవాళ్లు పీఎంఈజీపీ చూసుకోవచ్చు, చిన్న యూనిట్లకి బ్యాంకు లోన్‌తో పాటు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పథకం అది. తయారీ యూనిట్‌కి 50 లక్షల ప్రాజెక్టు దాకా వర్తిస్తుంది, అర్హతను బట్టి 15 నుంచి 35 శాతం సబ్సిడీ. కానీ ఫండింగ్ వచ్చిందని చెప్పుకుంటే ఉన్న గొప్ప సబ్సిడీకి లేదు కదా.

మొన్న తెలిసిన కుర్రాడొకడు చేపల హోమ్ డెలివరీ ప్లాన్ పంపాడు. తెల్లారకముందే ఫిషింగ్ హార్బర్‌లో కొని, శుభ్రం చేసి, మధ్యాహ్నం వంట వేళకి ఇంటికి చేర్చడం. పని తెలిసినవాడే. వేలంలో ధర ఎలా పలుకుతుందో, ఐస్‌కి ఎంతవుతుందో నోటిమీద చెప్తాడు. ఎక్సెల్ తెరిస్తే మాత్రం అమ్మకాలు నెలనెలా పది శాతం పెరుగుతూనే ఉన్నాయి. మే నెలలో కూడా! ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మరబోట్లకి వేట నిషేధమని ఈ ఊళ్లో చేపలు తినే ప్రతి ఇంటికీ తెలుసు. కార్తీకమాసంలో ఎన్నో ఇళ్లలో నీసు ముట్టరు. అక్కడా గీత పైకే పోయింది.

"ఇన్వెస్టర్లు గ్రోతే చూస్తారంట కదన్నా, అందుకే అలా పెట్టాను" అన్నాడు.

ఆ రెండు నెలలూ చెరువు చేప తెస్తావా, మోటారు లేని తెప్పలకి నిషేధం లేదు కాబట్టి వాళ్ల దగ్గర దొరికిందే అమ్ముతావా, డెలివరీ కుర్రాళ్లకి జీతం ఎక్కణ్ణుంచి ఇస్తావు, అది రాయరా నాయనా అన్నాను. హార్బర్‌లో సరుక్కి చేతిలో డబ్బు పెట్టాలి. హోటళ్లేమో బిల్లు నెల తర్వాత చూద్దాం అంటాయి. ఆ మధ్యలో రొటేషన్‌కి ఎంత కావాలో ప్లాన్‌లో ఒక్క ముక్క లేదు. రంగురంగుల చార్టులు మాత్రం పేజీల కొద్దీ ఉన్నాయి, ఎవరో కన్సల్టెంట్ చేసిచ్చాడట.

"వేట నిషేధం సంగతి రాస్తే వాళ్లు భయపడి పారిపోరా అన్నా?" అని వాడి టెన్షన్.

వైజాగ్ వాడైతే ఎలాగూ తెలుసు, నువ్వు దాచావని కూడా తెలుస్తుంది. హైదరాబాద్ వాడైతే మొదటి మే నెలలో తెలుస్తుంది. అప్పటికి వాడి డబ్బు నీ ఖాతాలో ఉంటుంది, రోజుకి నాలుగు సార్లు ఫోన్ చేస్తాడు.