మూడో రోజుకి మచ్చలు పోయినంత మాత్రాన చేపకి జబ్బు తగ్గినట్టు కాదు

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు చేపల తొట్టి ఉన్న ఇళ్ళ ఫోన్లలో ఒక చిట్కా తిరుగుతోంది. దాని సారం ఇది: చేప మీద తెల్ల మచ్చలు గానీ తెల్ల పొర గానీ కనిపించినా, చేప నీరసంగా ఉన్నా నీళ్ళన్నీ పారబోయండి. రాళ్ళూ ఫిల్టరూ సబ్బుతో కడగండి. కొత్త నీళ్ళలో గుప్పెడు ఉప్పు, చెంచా పసుపు, ఒక టెట్రాసైక్లిన్ క్యాప్సూల్ కలిపి హీటర్ పెంచండి. మూడు రోజుల్లో చేప మామూలవుతుంది.

చివరి మాటతోనే మొదలుపెట్టాలి. జనం నమ్ముతున్నది దాన్ని చూసే.

"మూడు రోజుల్లో తగ్గుతుంది"

తెల్ల మచ్చ జబ్బుకి కారణం ఇక్తియోఫ్తిరియస్ అనే ఏకకణ పరాన్నజీవి. మనకి కనిపించే మచ్చ, చేప చర్మం కింద దాక్కుని తిని బలిసిన పురుగు. నీళ్ళు 25 డిగ్రీలుంటే అది కొద్ది రోజులు చేపని తిని, తనంతట తానే రాలిపోతుంది. అడుగున కంకరకి అంటుకుని, గుల్ల కట్టుకుని, ఇంచుమించు ఒక రోజులో వందల పిల్లలుగా చీలుతుంది. ఆ పిల్లలు ఈదుతూ రెండు రోజుల్లోపల చేపని పట్టుకోవాలి, లేదంటే చస్తాయి.

అంటే మూడో నాలుగో రోజున మచ్చలు పోవడం ఏ మందూ వెయ్యకపోయినా జరిగేదే. చిట్కా రాసినవారు ఆ రాలడాన్నే నయం అనుకున్నారు. వారం తిరిగేసరికి మచ్చలు ఎన్నో రెట్లు వస్తాయి. ఈసారి మొప్పల్లోకి కూడా దిగుతాయి కాబట్టి, ఒక్కోసారి ఒంటి మీద పెద్దగా ఏమీ కనిపించకుండానే చేప ఎగశ్వాస పెట్టి చచ్చిపోవచ్చు.

మందు పనిచేసేది ఈదే దశ మీదే. చర్మం కిందికి అది చేరదు, గుల్లనీ ఛేదించదు. అందుకే 25 డిగ్రీల దగ్గర కనీసం 10 నుంచి 14 రోజులు వైద్యం సాగాలి, ఆఖరి మచ్చ పోయాక ఇంకో వారం కొనసాగాలి. రాయగడ, కోరాపుట్ కొండల చలికి హీటర్ లేని తొట్టి 20 డిగ్రీల కిందికి దిగితే పురుగు చక్రమే నెమ్మదిస్తుంది, వైద్యం అంతకంత సాగాలి.

"తెల్లగా ఏది కనిపించినా ఇదే మందు"

అసలు ప్రమాదం ఇక్కడుంది. గదిలో లైటు తీసేసి, టార్చి పక్క నుంచి కొట్టి చూడండి. రెక్కల మీద ఉప్పు రవ్వల్లా, విడివిడిగా, కొంచెం ఉబ్బుగా ఉంటే తెల్ల మచ్చ. బంగారు రంగు పొడి చల్లినట్టు మెరిస్తే వెల్వెట్, అది వేరే పరాన్నజీవి. మూతి చుట్టూ దూదిలా, లేదా వీపు మీద జీను వేసినట్టు పాలిపోయిన పట్టీ ఉంటే చాలామంది బూజు అనుకుంటారు. అది తరచుగా కాలమ్నారిస్ అనే బాక్టీరియా. నీళ్ళు వేడెక్కేకొద్దీ అది చెలరేగుతుంది, కాబట్టి హీటర్ పెంచితే ఒకటి రెండు రోజుల్లోనే చేప పోవచ్చు.

నాలుగోది జబ్బే కాదు. మగ గోల్డ్ ఫిష్ జత కట్టే కాలంలో మొప్ప మూతల మీద, ముందు రెక్కల మొదటి ముల్లు వెంట వరసగా తెల్ల పొక్కులు వస్తాయి. చేప తింటూ, ఆడచేపని తరుముతూ హుషారుగా ఉంటుంది. దానికి ఏ మందూ వద్దు.

"నీళ్ళన్నీ పారబోసి సబ్బుతో కడగండి"

చేప విసర్జించే అమ్మోనియాని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా కంకరలో, ఫిల్టర్ స్పాంజిలో ఉంటుంది. సబ్బుతో తోమితే అది పోతుంది. మళ్ళీ స్థిరపడడానికి 4 నుంచి 6 వారాలు. ఈలోపు అమ్మోనియా పేరుకుంటుంది. పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 7 దగ్గర అందులో నూటికి ఒక వంతు కూడా విషరూపంలో ఉండదు, 8కి చేరితే 5 వంతులు దాటుతుంది. కొత్తగా పోసింది పీహెచ్ ఎక్కువున్న బోరు నీళ్ళైతే రోగంతో పాటు విషం కూడా తోడైనట్టే. సబ్బు మిగిలితే అది నేరుగా మొప్పల్ని కాలుస్తుంది.

మార్చాల్సింది మూడో వంతు నీళ్ళు. వేడిలో తేడా ఒకటి రెండు డిగ్రీలు మించకూడదు. స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే పిండండి. మున్సిపాలిటీ నీళ్ళైతే వెడల్పు బకెట్లో ఎయిర్ స్టోన్ (గాలి బుడగలు వదిలే రాయి) వేసి 24 గంటలు ఉంచండి, లేదా క్లోరిన్ తీసే చుక్కలు వాడండి. తుపాను తరవాత బ్లీచింగ్ చల్లిన బావి నీళ్ళ విషయంలో ఈ జాగ్రత్త రెట్టింపు ఉండాలి.

"గుప్పెడు ఉప్పు"

ఉప్పు మంచి మందే. కానీ గుప్పెడు అనేది కొలత కాదు. 60 గ్రాముల గుప్పెడు పది లీటర్ల గాజు గిన్నెలో లీటరుకి 6 గ్రాములు, 45 లీటర్ల తొట్టిలో గ్రామున్నర కూడా కాదు. తెల్ల మచ్చకి లీటరుకి 2 గ్రాములు చాలు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టిలో కంకర పోగా సుమారు 45 లీటర్లుంటుంది. 90 గ్రాముల గళ్ళుప్పు తూచి, మూడు భాగాలు చేసి, తొట్టి నీళ్ళలోనే కరిగించి, 12 గంటలకొకటి పోయండి. నీళ్ళు ఆవిరైనా ఉప్పు ఆవిరవదు. తగ్గిన నీటికి మామూలు నీళ్ళే కలపాలి. బయటికి తీసి మార్చిన నీటికి మాత్రమే, దాని లెక్కన ఉప్పు వెయ్యాలి. కోరిడోరస్, లోచ్ లాంటి అడుగున తిరిగే చేపలు, మొక్కలు ఉంటే ఈ మోతాదు వద్దు.

పసుపు గురించి ఒక్క మాట: అందులోని కుర్కుమిన్ నీళ్ళలో దాదాపు కరగదు. పొడి మొప్పల మీదా స్పాంజిలోనూ పేరుకుని కుళ్ళుతుంది.

"టెట్రాసైక్లిన్"

తెల్ల మచ్చ పురుగు బాక్టీరియా కాదు, యాంటీబయోటిక్ దాన్ని తాకదు. నిజంగా బాక్టీరియా జబ్బే అయినా, గట్టి నీళ్ళలోని (కఠిన జలంలోని) కాల్షియం, మెగ్నీషియం టెట్రాసైక్లిన్‌ని పట్టేసుకుంటాయి. చేప ఒంట్లోకి చేరేది స్వల్పం, దెబ్బ తినేది ఫిల్టర్ బాక్టీరియా. పైగా ఇది డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు. తెల్ల మచ్చకి మలాకైట్ గ్రీన్, ఫార్మలిన్ కలిసిన చుక్కల మందు దొరుకుతుంది. సీసా మీది కొలత మించకండి, ఫిల్టర్లో బొగ్గుంటే తీసేయండి, చేతికి గ్లోవ్స్ వేసుకోండి. ఉప్పు ఓర్వని చేపలకి సగం మోతాదుతో మొదలుపెట్టండి.

"హీటర్ పెంచండి"

తెల్ల మచ్చ అని తేలితేనే, వేడి నీళ్ళ చేపలకే, 30 డిగ్రీల వరకు. అదీ గంటకి ఒక డిగ్రీ మించకుండా. వేడి నీళ్ళలో ప్రాణవాయువు తక్కువ కరుగుతుంది కాబట్టి ఎయిర్ పంపు ఆగకూడదు. కరెంటు తరచూ పోయే ఊళ్ళో బ్యాటరీ పంపు లేకపోతే ఈ దారి పట్టకండి. గోల్డ్ ఫిష్‌కి 26 చాలు, ఉప్పు పని చేస్తుంది.

నీరసం ఒక్కటే ఉండి, మచ్చలూ పొరా లేకుండా చేపలన్నీ పైకొచ్చి నోరు తెరుస్తుంటే మందుల జోలికి పోవద్దు. నీటిని పరీక్షించే చుక్కల కిట్‌తో అమ్మోనియా, నైట్రైట్ (అమ్మోనియా నైట్రేట్‌గా మారే దారిలో మధ్యలో వచ్చే విషం) చూడండి. రెండూ సున్నా ఉండాలి. లేకపోతే రోజూ మూడో వంతు నీళ్ళు మార్చి, మేత ఆపండి.

అప్పటికీ తేలకపోతే మొప్ప, చర్మం గీరి మైక్రోస్కోపు కింద చూడాల్సిందే. బరంపురం పక్కన రంగైలుండలో మత్స్య కళాశాల ఉంది, అక్కడ అడిగి చూడవచ్చు. పట్టుకెళ్ళాల్సింది బతికున్న జబ్బు చేపని, తొట్టి నీళ్ళతోనే. వేరే సీసాలో అర లీటరు తొట్టి నీళ్ళు కూడా తీసుకెళ్ళండి. రాత్రి చచ్చి పొద్దున తేలిన చేపలో పరాన్నజీవులు అప్పటికే విడిచిపోయుంటాయి.