ఓనరుగారి ముందు ఏ వేషం?

(విజయవాడ సత్యనారాయణపురంలో ఒక అద్దె వాటా. సాయంత్రం ఐదున్నర. అన్నపూర్ణ హాల్లో కింద కూర్చొని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. విశ్వనాథం అద్దం ముందు నిలబడి, మూతి ముందుకు సాచి, కళ్లు సగం మూసి తనను తాను చూసుకుంటున్నాడు. అద్దె సంగతి తేల్చడానికి ఇంటి ఓనరు ఆరింటికి వస్తానన్నాడు.)

అన్నపూర్ణ: పన్ను నొప్పా?

విశ్వనాథం: కాదు.

అన్నపూర్ణ: మరి ఆ మూతి అలా ఉందేమిటి? లవంగం ఇవ్వనా?

విశ్వనాథం: ఇది పన్ను నొప్పి కాదు. పి.వి. నరసింహారావుగారు.

(నిజం చెప్పాలంటే ఆ మూతి పీవీగారిదిలా లేదు. పచ్చి చింతకాయ కొరికిన పిల్లవాడిదిలా ఉంది.)

అన్నపూర్ణ: అయితే ఈ సారికి ఆయన బలయ్యారా?

విశ్వనాథం: వెటకారం వద్దు. 1991లో మెజారిటీ లేని ప్రభుత్వాన్ని చేతిలో పెడితే 5 ఏళ్లు నడిపారు. ఎలా నడిపారు? నోరు విప్పకుండా! ఎదుటివాడే మాట్లాడి మాట్లాడి అలసిపోవాలి. ఓనరు 13,500 అంటాడు. నేను మాట్లాడను. 13,000 అంటాడు. మాట్లాడను. చివరికి పాత 11,000 చాలులెండి అని చెప్పులేసుకుంటాడు.

అన్నపూర్ణ: మెజారిటీ లేకుండా నెట్టుకురావడం మీకు కొత్తేమీ కాదులెండి, ఈ ఇంట్లో 27 ఏళ్లుగా చేస్తున్నది అదే. కానీ ఒక్క తేడా ఉంది. ఆయన 17 భాషలు వచ్చి కూడా మాట్లాడలేదు. మీరు ఉన్న ఒక్క భాషలోనూ నోరు పెగలక మాట్లాడరు.

విశ్వనాథం: అందుకే కదా వేషం! నేను నేనుగా వెళితే నాలుక అంగిట్లో అతుక్కుంటుంది. ఇంకొకరిని అనుకొని వెళితే భయం వాళ్లది, నాది కాదు. దీనికి శాస్త్రం కూడా ఉంది, తెలుసా? అమెరికాలో పరిశోధకులు చేసిన పని 2017లో అచ్చయింది. పిల్లలకు విసుగు పుట్టించే పని ఒకటి ఇచ్చారు. పక్కనే ఆడుకోవడానికి ఐప్యాడు పెట్టారు. "నేను" అనుకుంటూ చేసినవాళ్లు త్వరగా ఆటలోకి జారిపోయారు. బ్యాట్‌మ్యాన్ లాంటి వేషం వేసుకొని "బ్యాట్‌మ్యాన్ కష్టపడుతున్నాడా?" అని తమను తాము అడుగుతూ చేసినవాళ్లు అందరికన్నా ఎక్కువ సేపు పనిలో నిలబడ్డారు.

అన్నపూర్ణ: పిల్లలంటే ఎంత పిల్లలు?

విశ్వనాథం: 4 ఏళ్లవాళ్లు, 6 ఏళ్లవాళ్లు.

అన్నపూర్ణ: మీకు?

విశ్వనాథం: ...53.

అన్నపూర్ణ: ఆ చిక్కుడుకాయల పళ్లెం ఇలా జరపండి.

విశ్వనాథం: (జరుపుతూ) నీకు నమ్మకం లేకపోతే పోనీ.

అన్నపూర్ణ: నమ్మకం ఎక్కడి నుంచి రావాలి? పోయిన ఏడాది ఇదే ఓనరు ముందు ఎవరి వేషం వేశారో గుర్తుందా? గిరీశం! లుంగీ మీద కోటు తొడుక్కొని వరండాలో పచార్లు చేస్తూ, గోడలకు ఏ రంగు వెయ్యాలో, ఇంటికి ఏ దిక్కు గాలి మంచిదో గంటసేపు దంచారు. చివరికి ఏమైంది?

విశ్వనాథం: ఆయన చాలా సంతోషించాడు.

అన్నపూర్ణ: సంతోషించడా మరి! "మీకు రంగుల మీద ఇంత అవగాహన ఉంది కాబట్టి రంగులు మీరే వేయించండి" అన్నాడు. పైగా అద్దె 500 పెంచాడు. పూటకూళ్లమ్మ చీపురు పట్టుకొని వస్తే మంచం కిందికి దూరిన మనిషి అతను. నాటకం చివర్లో అతనికి దక్కింది కూడా ఏమీ లేదు. లోకంలో ఇంకెవరూ దొరకనట్టు ఆ గిరీశాన్ని ఎంచుకున్నారు!

విశ్వనాథం: అది ఎంపికలో పొరపాటు. పద్ధతిలో పొరపాటు కాదు.

అన్నపూర్ణ: మా పిన్ని కూతురి పెళ్లిలో హరిశ్చంద్రుడైతే అదీ ఎంపికలో పొరపాటేనా? "బావగారూ, పులిహోర ఎలా ఉంది?" అని అడిగితే బాగుందనాలి. మీరు చెయ్యి కడుక్కొని వచ్చి మరీ, చింతపండు పచ్చివాసన వస్తోందని చెప్పారు. వండించింది మా పిన్ని. ఇప్పటికీ నాకు ఫోను చెయ్యదు.

విశ్వనాథం: ఆవిడ ఫోను చెయ్యడం లేదని నువ్వే ఒకసారి సంతోషించావు.

అన్నపూర్ణ: అది వేరే విషయం. మరి కర్ణుడు? ఆఫీసులో ఎవరో చేబదులు అడిగితే 20,000 ఇచ్చి వచ్చారు. ఇచ్చినవాడు అడగకూడదట, కర్ణుడు అడుగుతాడా అని నాకే ఎదురు ప్రశ్న! కర్ణుడి దగ్గర కవచకుండలాలు ఉన్నాయి, ఇచ్చాడు. మన దగ్గర ఉన్నది గ్యాసు బండకు దాచిన డబ్బు.

విశ్వనాథం: రామారావుగారు 1977లో ఒకే సినిమాలో కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు మూడూ తానే వేశారు. నేను ఒక్కొక్క వేషమే వేస్తున్నాను కదా, దానికే ఇంత రాద్ధాంతమా?

అన్నపూర్ణ: ఆయన వేషాలు చూడటానికి జనం డబ్బిచ్చారు. మీరు డబ్బిచ్చి వేస్తున్నారు.

(విశ్వనాథం అద్దం వదిలి కుర్చీలో కూలబడి, కాళ్లు టీపాయి మీదికి చాచాడు.)

అన్నపూర్ణ: కాళ్లు దించండి, అక్కడ పళ్లేలు పెడతాం. అసలు మీకు ఈ పిచ్చి ఇప్పటిది కాదు. పెళ్లిచూపుల నాడే చూశాను. తల పక్కకు వాల్చి, కళ్లు బరువుగా ఎత్తి, మాటకు ముందు ఒకసారి, మాట తర్వాత ఒకసారి దగ్గారు. మా నాన్న లోపలికి వచ్చి, "అబ్బాయికి క్షయ ఉన్నట్టుంది, కనుక్కోండి" అని మా మేనమామను పంపాడు.

విశ్వనాథం: అది దేవదాసులో నాగేశ్వరరావు! అప్పట్లో ఏ ఆడపిల్లైనా కరిగిపోవాల్సిందే.

అన్నపూర్ణ: చనిపోయేవాడిలా కనిపించి పెళ్లికొడుకు పరీక్ష నెగ్గాలనుకోవడం మీకే చెల్లింది.

విశ్వనాథం: మరి నువ్వు? కాఫీ కప్పులు అందిస్తూ తల ఎత్తలేదు, వేలితో నేల మీద ముగ్గు వేశావు. అది వేషం కాదా?

అన్నపూర్ణ: కాదని ఎవరన్నారు? పెళ్లయ్యాక మీ అమ్మగారి ముందు ఏడాదిపాటు వేసిన వేషం ఇంకా పెద్దది. మాయాబజారులో సావిత్రిని చూడలేదూ? పైకి చూస్తే శశిరేఖ, లోపల ఉన్నది ఘటోత్కచుడు. నా సంగతీ అంతే. మీ అమ్మగారు ఏమైనా అంటే జవాబు చెప్పవచ్చు. ఆవిడ అనరు కదా! కిటికీ ఊచ మీద వేలు రాస్తారు. ఆ వేలు తెచ్చి నా ముక్కు ముందు పెడతారు. అలా నిలబడతారు. అంతే. నేను మధ్యాహ్నం నిద్ర మానేసి ఇల్లంతా తుడిచేదాన్ని.

విశ్వనాథం: (గోడ మీది ఫొటో వైపు చూడకుండా) నాకు చెప్తున్నావా! పదో తరగతి దాకా నా సైకిలు చైను మీద ఆ వేలు తిరిగింది.

(గేటు గొళ్లెం చప్పుడు. విశ్వనాథం లేచి మూతి సాచుకున్నాడు.)

అన్నపూర్ణ: అద్దె ఒక్కటే కాదు, ఈ చెమ్మ సంగతి కూడా చెప్పండి. బాత్రూము గోడ నుంచి హాల్లోకి దిగి ఆరు నెలలైంది. మొదట అరచేయంత ఉండేది. తర్వాత ఇండియా మ్యాపంత అయింది. మొన్నటి వానకు కింద శ్రీలంక కూడా వచ్చింది. క్యాలెండరు చాలడం లేదు.

విశ్వనాథం: పీవీ చెప్పడు. ఎదుటివాడే అర్థం చేసుకోవాలి.

(వరండాలోకి వెళ్లాడు. అన్నపూర్ణ ఏడు చిక్కుడుకాయల ఈనెలు తీసేలోగా తిరిగి వచ్చాడు.)

అన్నపూర్ణ: ఏమైంది?

విశ్వనాథం: నేను ఒక్క మాట కూడా మాట్లాడలేదు. పద్ధతి ప్రకారమే జరిగింది.

అన్నపూర్ణ: ఆయన?

విశ్వనాథం: 13,500 అన్నాడు. నేను మౌనం. "ఏమంటారు?" అన్నాడు. మౌనం. అప్పుడు ఆయన మొహం వెలిగిపోయింది. "మౌనం అర్ధాంగీకారం" అన్నాడు.

అన్నపూర్ణ: అంటే ఒప్పుకున్నట్టేగా!

విశ్వనాథం: అదే, పూర్తిగా కాదు. ఆయన మంచి లెక్కల మనిషి. అర్ధమంటే సగం కాబట్టి, పెంచమన్న 2,500లో సగం 1,250 ఇస్తే చాలన్నాడు. వచ్చే నెల నుంచి 12,250.

(అన్నపూర్ణ పళ్లెం పక్కన పెట్టింది. కొంగు నడుముకు చుట్టింది.)

అన్నపూర్ణ: ఆయన గేటు దాటాడా?

విశ్వనాథం: మోటారు గది తాళం చూస్తున్నాడు. ఎందుకు? ఇదిగో, గొడవ మాత్రం వద్దు...

అన్నపూర్ణ: మీరు లోపలి గదిలోకి వెళ్లండి. మంచం కిందికి మాత్రం దూరకండి, అక్కడ ఉల్లిపాయలు ఆరబోశాను. (వాకిట్లోకి నడుస్తూ) అన్నయ్యగారూ! ఎండన పడి వచ్చారు, లోపలికి వచ్చి కాస్త మజ్జిగ తాగి వెళ్లండి!

(విశ్వనాథం లోపలి గదిలో తలుపు సందున చెవి పెట్టి నిలబడ్డాడు. గ్లాసు చప్పుడు వినిపించింది. క్యాలెండరు మేకు నుంచి ఊడిన చప్పుడు వినిపించింది. తర్వాత చాలాసేపు ఏమీ వినిపించలేదు. ఆ తర్వాత ఎవరో గట్టిగా గుటక వేశారు. చివరికి గేటు మూసుకుంది. అతను మెల్లగా హాల్లోకి వచ్చి, ఓనరు కూర్చున్న కుర్చీలో కూర్చొని, అలవాటుగా కాళ్లు చాచాడు.)

విశ్వనాథం: చెప్పు.

అన్నపూర్ణ: సంక్రాంతి దాకా 11,000 మాత్రమే. ఆదివారం మేస్త్రీ వస్తాడు. సిమెంటు ఖర్చు ఆయనదే.

విశ్వనాథం: (నోరు తెరిచి) ఎవరి వేషం వేశావు? నాకు తెలుసులే, సూర్యకాంతం!

అన్నపూర్ణ: సూర్యకాంతమైతే ఎడమ చెయ్యి తిప్పుతూ అరవాలి. నేను అరిస్తే ఆయనా అరుస్తాడు, ఆయన గొంతు నాకన్నా పెద్దది. పైగా ఆవిడ తెర మీద గయ్యాళే కానీ, బయట షూటింగులకు ఇంటి నుంచి వంటలు తెచ్చి అందరికీ పెట్టేవారట. అంత మంచి మనిషిని ఓనరు మీదికి పంపనా?

విశ్వనాథం: మరి? అరవలేదు, బతిమాలలేదు...

అన్నపూర్ణ: మజ్జిగ ఇచ్చాను. క్యాలెండరు తీశాను. శ్రీలంక మీద వేలు రాశాను. ఆ వేలు ఆయన కళ్లజోడు ముందు పెట్టాను.

విశ్వనాథం: పెట్టి?

అన్నపూర్ణ: నిలబడ్డాను.

విశ్వనాథం: అంతేనా? ఎంతసేపు?

అన్నపూర్ణ: గ్లాసు ఖాళీ అయ్యేదాకా.

విశ్వనాథం: అన్నపూర్ణా... అది... అది మా అమ్మ కదా!

(అన్నపూర్ణ జవాబు చెప్పలేదు. వేలికి అంటిన తడి సున్నం కొంగుకు తుడుచుకొని, టీపాయి మీద చాచిన కాళ్ల వైపు చూసింది. వంగి, ఆ కాళ్ల పక్కనే టీపాయి అంచు మీద వేలు రాసింది. వేలు పైకెత్తింది. విశ్వనాథం కాళ్లు దించి, చొక్కా పై గుండీ పెట్టుకొని లేచి నిలబడ్డాడు.)

విశ్వనాథం: గుడ్డ ఎక్కడ ఉంది?