పాత కాటేజీలో పదహారు మందా?

వేసవి సెలవులు దగ్గరపడగానే అమెరికాలోని మన వాట్సాప్ గ్రూపుల్లో అద్దె ఇంటి కోసం వెతుకులాట మొదలవుతుంది. ఆరు బెడ్‌రూములు, స్విమ్మింగ్ పూల్, గేమ్ రూమ్, రెండు రాత్రులు. తలకు ఎంత పడుతుందో తేలితే బుకింగ్ అయిపోయినట్టే. అలాంటి ఇళ్లంటే నాకు కోపమేమీ లేదు. కానీ అదే లెక్కతో, నది ఒడ్డున నూరేళ్ల నాటి కుటుంబ కాటేజీని అద్దెకు తీసుకుంటామంటే మాత్రం ఒప్పుకోను. ఆ ఇళ్ల లెక్క వేరు.

న్యూయార్క్ రాష్ట్రం ఉత్తరపు అంచున, సెయింట్ లారెన్స్ నదిలోని థౌజండ్ ఐలాండ్స్‌నే తీసుకోండి. పేరుకు వెయ్యి గానీ, కెనడా వైపువి కూడా కలిపితే దీవులు 1,864. రైలు పెట్టెల వ్యాపారి జార్జ్ పుల్‌మన్ 1872లో అధ్యక్షుడు గ్రాంట్‌ని తన దీవికి పిలిచాడు. ఆ తర్వాత డబ్బున్నవాళ్లంతా ఇటు దారి పట్టారు. 1875లో వెల్స్‌లీ దీవి మీద మెథడిస్టు క్రైస్తవులు వేసవి ప్రార్థనల కోసం థౌజండ్ ఐలాండ్ పార్క్ పెట్టారు. మొదట గుడారాలు, తర్వాత వాటి చోటే వరండాలున్న చెక్క కాటేజీలు. టూరిస్టులు ఫొటోలు దిగేది మాత్రం బోల్ట్ కాజిల్ దగ్గర. 1904లో భార్య చనిపోతే హోటళ్ల వ్యాపారి జార్జ్ బోల్ట్ మధ్యలోనే పనులు ఆపించేసిన కోట అది. అందులో ఆ కుటుంబం ఒక్క వేసవి కూడా కాపురముండలేదు. నాలుగు తరాలు మసలిన కాటేజీని వదిలి, ఎవరూ ఉండని కోటను చూడ్డానికి అంతంత దూరాలు డ్రైవ్ చేసి రావడం నాకెప్పుడూ వింతే.

ఈ కాటేజీలు వేసవి కోసమే కట్టినవి. చాలావాటికి ఇన్సులేషన్ ఉండదు. గదికీ గదికీ మధ్య గోడంటే ఒక్క వరస చెక్క పలకలే, పక్క గదిలో దగ్గినా వినబడుతుంది. చలికాలం ముందు పైపుల్లో నీళ్లు తీసేసి తాళం వేస్తారు. ఇక దీవుల్లో నేల సంగతి చూస్తే, అడుగున గట్టి రాయి, దాని మీద పల్చటి మట్టి. సెప్టిక్ ట్యాంకు ఉన్న ఇంట్లో వాడిన నీళ్లన్నీ ఇంకాల్సింది ఆ కాస్త మట్టిలోనే. పైగా ట్యాంకు సైజు బెడ్‌రూముల లెక్కన ఉంటుంది. మూడు బెడ్‌రూముల ఇంట్లో పదహారు మంది దిగి, పొద్దున్నే వరసగా స్నానాలు చేసి, వాషింగ్ మెషీన్ తిప్పి, వేపుళ్లు చేసిన నూనె సింకులో పోస్తే సాయంత్రానికి కంపు మొదలవుతుంది. ఎనిమిది మందికని బుక్ చేసి, మిగతావాళ్లను చీకటి పడ్డాక దింపే అలవాటు మనలో కొందరికుంది. యజమానికి తెలియకపోవచ్చు, ట్యాంకుకు తెలుస్తుంది.

పోపు పెట్టుకోవద్దని నేననను. కిటికీలు తీసి పెట్టుకోండి. వైరింగ్ ఏనాటిదో తెలియని ఇంట్లో రైస్ కుక్కర్, ఇన్‌స్టంట్ పాట్, ఎయిర్ ఫ్రైయర్ మూడూ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు మాత్రం తగిలించకండి.

పాకే పిల్లలుంటే ఇంకో జాగ్రత్త. 1978కి ముందు కట్టిన ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు, సీసం కలిసిన రంగు ఉన్న సంగతి తెలిస్తే ముందే చెప్పాలని ఫెడరల్ రూలు ఉంది. వంద రోజులు మించని, పొడిగించడానికి వీల్లేని అద్దెలకు అది వర్తించదు. అంటే వారం ఉండేవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు, మనమే అడగాలి. పైకీ కిందికీ జరిపే పాత కిటికీల చట్రాల దగ్గర రంగు రాసుకుని పొడి రాలుతుంది. పిల్లల చేతులు పోయేదీ అక్కడికే.

ఇన్ని బాధలు పడి ఎందుకంటారా? వరండా కోసం. 1959లో సెయింట్ లారెన్స్ సీవే అనే ఓడల దారి తెరిచినప్పటినుంచి సముద్రపు ఓడలూ, గ్రేట్ లేక్స్ ఓడలూ ఈ నది మీదుగానే పోతున్నాయి. 740 అడుగుల ఓడ చెట్ల వెనకనుంచి మెల్లగా బయటికొస్తుంది. అలెగ్జాండ్రియా బే దగ్గర నది ఇరుకు, డెక్ మీది మనుషులు కూడా కనబడతారు. ఓడ పోతుంటే ఒడ్డున నీళ్లు ఎవరో లాగేసినట్టు వెనక్కి తగ్గుతాయి, రాళ్లు బయటపడతాయి, వెంటనే ఎగదన్నుకొస్తాయి. ఆ క్షణంలో పిల్లలు రాళ్ల మీద ఉండకూడదు. 12 ఏళ్లలోపు పిల్లలకు లైఫ్ జాకెట్ తప్పనిసరని చట్టం చెప్పేది పడవల్లోనే. డాక్ మీద కూడా వేయించమంటాను నేను.

ఇంటితోపాటు మోటారు బోటు ఇస్తామంటే సంబరపడకండి. న్యూయార్క్‌లో 2025 నుంచి దాన్ని నడిపే ఎవరికైనా బోటింగ్ సేఫ్టీ సర్టిఫికెట్ ఉండాలి. సరిహద్దు నది మధ్యలోనే ఉంది. అవతలి దీవిలో కాలు పెడితే కెనడాలోకి వెళ్లినట్టే, భారత పాస్‌పోర్టు మీద హెచ్-1బీలో ఉన్నవాళ్లకు కెనడా వీసా కావాలి.

ఈ ఇళ్లు అద్దెకెందుకిస్తారో కూడా తెలుసుకోవాలి. తాతగారి ఇల్లు మనవల దాకా వచ్చేసరికి వాటాదారులు పదిమంది, కారే పైకప్పు ఒక్కటి. వాటాల సంగతి మనకు ఒకరు చెప్పాలా? ఊళ్లో ఎన్ని లోగిళ్లు అలా పంపకాల్లో కూలిపోలేదు! ఇక్కడ కొందరు అద్దె డబ్బుతోనే ఇల్లు నిలబెట్టుకుంటున్నారు. తాము వాడుకునే ఇంటిని ఏడాదిలో 15 రోజులకు తక్కువ అద్దెకిస్తే ఆ డబ్బు మీద ఫెడరల్ ఆదాయపు పన్ను లేదు. అందుకే రెండు వారాలే ఇస్తామనేవాళ్లూ ఉంటారు. అలాంటివాళ్లు ఇల్లు సరిగ్గా చూసుకున్నవాళ్లనే మళ్లీ పిలుస్తారు. ఫోన్ చేసి, వచ్చేది ఎంతమందో, పిల్లల వయసులేంటో, వంట ఎంత చేస్తామో దాచకుండా చెప్పండి. బేరం ఆ తర్వాత.

పదహారు మందీ వెళ్లాల్సిందే అంటే పక్కపక్కనే రెండు కాటేజీలు తీసుకోండి. ఒకప్పటి గుడారాల స్థలాలు కాబట్టి థౌజండ్ ఐలాండ్ పార్క్‌లో ఇళ్లు దగ్గరదగ్గరగానే ఉంటాయి. ఒకే వారానికి రెండూ దొరకాలంటే శీతాకాలంలోనే అడగడం మొదలుపెట్టాలి.